కోరానికి ఒకరు తక్కువ

ఫరీజ్ బిన్ మహమూద్, దోహా
12 అక్టోబర్ 2024

కరుణత్తకి వందనాలు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏంటని అడుగుతావు. ఫోన్ చేస్తే నీ టైలరింగ్ షాపుకి జాకెట్లు ఇవ్వడానికి వచ్చినవాళ్ళందరూ స్క్రీన్‌లోకి తొంగి చూసి "అయ్యో, చిక్కిపోయిందండీ పిల్ల" అంటారు. ఇది రహస్యం. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే పంపు. ఉత్తరంలో ఎవరూ మధ్యలో అడ్డు తగలరని మా తెలుగు టీచర్ సునంద మిస్ అంటారు. నిజమే. ఇదే ఫోన్ అయితే ఈపాటికి నువ్వు నాలుగుసార్లు తగిలేదానివి.

విషయం చెప్తాను. మా స్కూలు నుంచి సర్క్యులర్ వచ్చింది. వచ్చే ఏప్రిల్ నుంచి తొమ్మిదో తరగతిలో తెలుగు తీసేస్తారట. పదిహేను మంది లేని భాషకి టీచర్ అనవసరమట. మేం పదకొండు మందిమి. మేం హిందీకో ఫ్రెంచికో "సంతోషంగా మారవచ్చు" అని కూడా రాశారు. ఆ "సంతోషంగా" అన్న మాట ఎవరికి తోచిందో గాని, వాళ్ళకి శాలువా కప్పాలి.

సునంద మిస్ ఆ సర్క్యులర్ మాకు చదివి వినిపించి, నాలుగు మడతలు పెట్టి, ఊగే టేబుల్ కాలి కింద పెట్టారు. "ఇప్పుడు పనికొచ్చింది" అన్నారు. మేం నవ్వాం. తర్వాత తెలిసింది, మిస్ వీసా స్కూలుదేనని. ఉద్యోగం పోతే దేశమే వదిలి వెళ్ళాలి.

అత్తా, నాకు మాటలంటే పిచ్చి పట్టించింది ఆవిడే. పోయినేడు వరకు నేను "వెన్నెల" అన్న మాటని కూడా హోంవర్కు లాగే చూశాను. ఇప్పుడు బస్సులో కూర్చుని మాటలు చప్పరించుకుంటూ వెళ్తున్నాను. ఇక్కడిదాకా తీసుకొచ్చి, ఇప్పుడు ఫ్రెంచి చదువుకో అంటే ఎలా?

ఇదంతా నిర్ణయించింది మేనేజ్‌మెంట్ కమిటీ. తొమ్మిది మంది మహానుభావులు. పోయినేడు స్కూలు బస్సు కర్టెన్లు నీలమా ఆకుపచ్చా అని మూడు మీటింగులు పెట్టి, చివరికి కర్టెన్లే తీసేశారు. తెలుగు సంగతి మాత్రం నాలుగు నిమిషాల్లో తేలిపోయిందని ఆఫీసులో పనిచేసే రమీజా మేడమ్ చెప్పారు. ఆ కమిటీలో తల్లిదండ్రుల తరఫున ఒక సీటు ఖాళీగా ఉంది. నవంబర్ 22న ఎన్నిక.

కాబట్టి నాన్నని నిలబెట్టాను. మన వంశంలో నాయకుడు లేడని ఎవరన్నారు? దోహా అంతా ఎదురుచూస్తున్న నాయకుడు మనింట్లోనే, లుంగీ కట్టుకుని, సోఫాలో పడుకుని ఉన్నాడు!

నాన్నకి ఇంకా తెలీదనుకో. దంత పరీక్ష ఫారానికీ మ్యూజియం ట్రిప్ ఫారానికీ మధ్య నామినేషన్ పెట్టి ఇచ్చాను. నాన్న కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్ కదా, ఏ డ్రాయింగ్ కొత్తదో ఏది పాతదో చూసి ముద్ర వెయ్యడమే డ్యూటీ. కాగితం పై మూల చూస్తారు, లోపల ఏముందో ఇంజనీర్లు చూసుకుంటారు. "రివిజన్ ఎంత?" అన్నారు. "జీరో నాన్నా" అన్నాను. సంతకం పెట్టేశారు.

నువ్వు మీ స్కూల్లో కమిటీ చైర్మన్‌వి కదా. ఎలా గెలవాలో చెప్పు.

పదకొండు మందిలో ఒకత్తి,
నీ మేనకోడలు జాయ్స్


నిడదవోలు
16 అక్టోబర్ 2024

ఒసేయ్ జాయ్స్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దోహా అంతా ఎదురుచూస్తోందా! మా అన్నయ్య కోసమా! చిన్నప్పుడు మేక అడ్డమొస్తే దానికి దారిచ్చి పక్కన నిలబడేవాడే. పరదేశంలో అంత పేరు తెచ్చుకుని నాకు ఒక్క ముక్క చెప్పలేదు చూడు. పోన్లే, వాడి స్వభావమే అంత.

నా ఎన్నిక ఎలా జరిగిందో విను. మా చిన్నది చదివే మున్సిపల్ స్కూల్లో తల్లిదండ్రుల కమిటీ అన్నారు. "చైర్మన్‌గా ఎవరు ముందుకొస్తారమ్మా?" అని హెడ్మాస్టర్ గారు అడిగారు. అందరూ నేల చూపులు. నాకు అప్పుడే కాలు తిమ్మిరెక్కి లేచాను. ఒకటే చప్పట్లు. ఏకగ్రీవం! రెండేళ్ళ నుంచి నా కాలు గెలిపించిన పదవిలో కూర్చుని పాలిస్తున్నాను. పాలన అంటే ఏముంది, మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉడికిందని సంతకం పెట్టడం. ఉడక్కపోయినా అదే సంతకం.

పిల్లలు తక్కువైతే దానికీ మార్గం ఉంది. ఇన్‌స్పెక్షన్ రోజున మావాళ్ళు అంగన్‌వాడీ పిల్లల్ని తెచ్చి ఒకటో తరగతిలో కూర్చోబెడతారు. మొన్న ఒకడు నిద్రలో "అమ్మా" అన్నాడు. అక్షరాలు బాగా వచ్చాయని ఇన్‌స్పెక్టర్ గారు మెచ్చుకుని వెళ్ళారు. మీరూ ఓ నలుగురిని చూసుకోండి.

ఇక గెలుపంటావా, జనం మాటలు విని ఓటెయ్యరు. మొహం గుర్తుంటే వేస్తారు. మొహం పెద్దగా కనపడాలి. ఆ ఏర్పాటు నాకు వదిలెయ్.

దీవెనలతో,
కరుణత్త


దోహా
26 అక్టోబర్ 2024

అత్తా, వందనాలు.

ఫొటోలో నీ బొటనవేలు కూడా పడింది, కుట్టుమిషన్ మచ్చతో సహా. బాగుంది, సంతకం అక్కర్లేదు.

నలుగురిని చూసుకోమన్నావు. మా పార్కింగ్ దగ్గర, చర్చి మెట్ల మీద, బస్సులో అడిగాను. ఒక ఆంటీ "మావాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడుగా, మళ్ళీ చదవడం ఎందుకు?" అన్నారు. అదే ఆంటీ వాళ్ళబ్బాయిని స్పోకెన్ ఇంగ్లీషుకి పంపుతున్నారు, వాడు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతాడు. ఇంకో అంకుల్ "ఫ్రెంచిలో అయితే వందకి తొంభై అయిదు ఊరికే వేస్తారమ్మా" అన్నారు. ఫ్రాన్సు వాళ్ళు ఎంత ఉదారులో! మొత్తానికి నలుగురు దొరకలేదు. కాబట్టి అంతా ఎన్నిక మీదే ఉంది.

నాన్నకి పోటీ మొహసిన్ అంకుల్. కర్నూలు వాళ్ళు, అత్తరు షాపు ఉంది. స్కూలు గేటు దగ్గర అందరికీ కరక్ చాయ్ పోయిస్తున్నారు. మొన్న శుక్రవారం కింద కిరాణా షాపులో నాన్నకి ఎదురయ్యారు. నేను పెరుగు డబ్బాల వెనక దాక్కుని విన్నాను.

"కృపారావు భాయ్, ఎన్నికల్లో నిలబడ్డాను. మీ ఓటు నాకే!"

"అలాగేనండి, తప్పకుండా."

"మాట ఇచ్చినట్టేనా?"

"మీకంటే మంచివాళ్ళు ఎవరున్నారండి?"

తన మీద నిలబడింది ఎవరో మొహసిన్ అంకుల్‌కి తెలీదు. తను నిలబడ్డట్టు నాన్నకి తెలీదు. ఇంత ప్రశాంతంగా ఎన్నికలు ఇంకెక్కడా జరగవు.

ఇంతకీ ఆ "ఏర్పాటు" ఏంటి? ముందు నాకు చెప్పు. ఏమీ చెయ్యకుండా చెప్పు.

జాయ్స్


నిడదవోలు
3 నవంబర్ 2024

జాయ్స్ తల్లీ,

పని అయిపోయింది! పన్నెండడుగుల ఫ్లెక్సీ, మా షాపు సెంటర్లో. "ఖతార్ ఎన్నికల బరిలో మన నిడదవోలు ముద్దుబిడ్డ కృపారావు గారికి విజయోస్తు" అని. అన్నయ్య వీసా ఫొటోకి కోటు తొడిగించాను, ఫ్లెక్సీ కుర్రాళ్ళకి అదెంత పని! పైన మన వార్డు నాయకుడి నవ్వు మొహం కూడా పెట్టించాను. ఆయన లేకపోతే మున్సిపాలిటీ వాళ్ళు మర్నాడే పీకేస్తారు. కింద చేతులు జోడించి నేను.

నువ్వు ఏమీ చెయ్యకుండా చెప్పమన్నావు. నీ ఉత్తరం ఫొటో తెరిచేసరికే ఫ్లెక్సీ లేచి నిలబడింది. అదృష్టం. ఇప్పటికి చర్చి గ్రూపులో, బంధువుల గ్రూపులో, పాత పదో తరగతి గ్రూపులో పెట్టాను. అన్నయ్య మూడింటిలోనూ ఉన్నాడు, ఎంత సంతోషిస్తాడో!

కరుణత్త


దోహా
6 నవంబర్ 2024

అత్తా,

సంతోషించారు. ఎంత సంతోషించారంటే, ఆఫీసు టీ గదిలో కప్పు కింద పెట్టడం మర్చిపోయి మేనేజర్ గారి చేతిలో పెట్టారట.

"ఖతార్ ఎన్నికలు ఏంటి మిస్టర్ రావు?" అని మేనేజర్ అడిగారట. ఇక్కడికి మనం వచ్చింది పని చేసుకోడానికి అత్తా, బరిలో దిగడానికి కాదు. ఆ నాయకుడి నవ్వు ఎవరిది, ఆ కోటు ఎవరిది, కింద చేతులు జోడించిన ఆవిడ ఎవరు అని ఒక్కొక్కటే అడిగి, ఇది పిల్లల స్కూలు కమిటీ సంగతేనని నమ్మడానికి మేనేజర్ గారికి గంట పట్టింది.

నాన్న ఇంటికొచ్చి అరవలేదు. అరిచినా బాగుండేది. నామినేషన్ కాపీ తెప్పించుకుని, పై మూల కాదు, మొత్తం చదివారు.

"సంతకం నాదే" అన్నారు.

"తప్పు నాది నాన్నా."

"చదవకుండా పెట్టింది నేను. పదిహేడేళ్ళుగా ఈ తప్పుకే సైటువాళ్ళని తిడుతున్నాను."

మర్నాడు విత్‌డ్రా చేసుకోడానికి స్కూలుకి వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు, నిందితురాలిగా. రమీజా మేడమ్ రూలు చెప్పారు. నామినేషన్ వెనక్కి తీసుకోవాలంటే కమిటీ ఆమోదించాలి. కమిటీ ఏదైనా ఆమోదించాలంటే కోరం ఉండాలి, అంటే తొమ్మిది మందిలో అయిదుగురైనా రావాలి. ఎప్పుడు పిలిచినా వచ్చేది నలుగురే. కాబట్టి నిలబడడం ఎంత తేలికో తప్పుకోవడం అంత కష్టం.

"ఈ రూల్స్ ఎక్కడున్నాయండి?" అన్నారు నాన్న.

రమీజా మేడమ్ ఆయన్ని వింతగా చూసి, పైన బీరువాలోంచి నలభై ఒక్క పేజీల పుస్తకం తీసి దుమ్ము ఊదారు. ఇన్నేళ్ళలో అది అడిగిన మొదటి మనిషి నాన్నేనట. నాకు శిక్ష ఏంటంటే, రోజుకి అయిదు పేజీలు తెలుగులో నాన్నకి చదివి వినిపించాలి. "భాష మీద అంత ప్రేమైతే దీన్ని తెలుగు చెయ్" అన్నారు. "ఉపనిబంధన" అన్న మాట నేర్చుకున్నాను. నోట్లో రాయి వేసుకున్నట్టుంది, కాని గట్టిగా ఉంది.

దయచేసి ఫ్లెక్సీ తీసెయ్.

నిందితురాలు జాయ్స్


నిడదవోలు
10 నవంబర్ 2024

జాయ్స్,

అర్థమైంది. మా అన్నయ్య ఎదుగుదల చూడలేని వాళ్ళెవరో మేనేజర్‌కి ఎక్కించారు. ఆ అత్తరాయనే అయ్యుంటాడు. ఫ్లెక్సీ తీసేస్తే భయపడ్డామనుకుంటారు. అందుకే రెండు వైపులా లైట్లు పెట్టించాను.

పాస్టర్ గారు ఆదివారం ఆరాధనలో పేరు పెట్టి ప్రార్థన చేశారు. ఇంక ఓడితే దేవుడి పరువు కూడా పోతుంది. అన్నయ్యకి చెప్పు.

కరుణత్త


దోహా
23 నవంబర్ 2024

అత్తా, వందనాలు.

నాన్న ఓడిపోయారు. స్కూల్లో పదకొండు వందల కుటుంబాలు ఉన్నాయి. ఓటెయ్యడానికి వచ్చినవాళ్ళు డెబ్భై ఒక్కరు. మిగతావాళ్ళకి శుక్రవారం బిర్యానీ ఉంటుంది పాపం. మొహసిన్ అంకుల్‌కి ముప్ఫై తొమ్మిది, నాన్నకి ముప్ఫై. రెండు చెల్లలేదు, ఒకదాని మీద ఎవరో "బస్సులో ఏసీ" అని రాశారు. మొహసిన్ అంకుల్‌కి పడ్డ ముప్ఫై తొమ్మిదిలో ఒకటి నాన్నదే. "మాట ఇచ్చానుగా" అన్నారు.

కాని ఓట్లకి ముందు ఒకటి జరిగింది. చైర్మన్ గారు మర్యాద కోసం "ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అన్నారు. ఇలాంటప్పుడు ఎవరూ అడగరు కదా. నాన్న లేచారు. మేకకి దారిచ్చే మా నాన్న! చేతిలో పుస్తకం, అందులో పెన్సిల్.

"తెలుగు తీసేసిన సర్క్యులర్ ఏ మీటింగులో పాసైందండి?"

"సెప్టెంబర్ మీటింగులో."

"ఆ రోజు ఎంతమంది వచ్చారు?"

రమీజా మేడమ్ రిజిస్టర్ తెరిచి, చైర్మన్ గారి వైపు చూసి, మళ్ళీ రిజిస్టర్ వైపు చూసి, "నలుగురు" అన్నారు.

"పదిహేడో పేజీలో అయిదుగురు ఉండాలని ఉంది. అయితే ఇది ఆమోదం లేని కాగితం అండి. మా సైటులో దీన్ని గోడకి కూడా అంటించనివ్వరు."

అంతే అన్నారు. కూర్చున్నారు. చైర్మన్ గారు నీళ్ళు తాగారు, తర్వాత ప్రిన్సిపాల్ గారు తాగారు. సర్క్యులర్ రద్దు చేశారు. ఓట్ల లెక్క అయ్యాక మొహసిన్ అంకుల్ వచ్చి నాన్నని కావలించుకుని "భాయ్, మీరు ఇంత మాట్లాడతారని తెలిస్తే నేనే మీకు ఓటేసేవాణ్ణి" అన్నారు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. కమిటీ మళ్ళీ మీటింగు పెట్టి, సరైన కోరంతో తెలుగు తీసెయ్యొచ్చు. వచ్చే నలుగురూ తీసెయ్యాలన్నవాళ్ళే. అయిదో మనిషి కావాలి, ఇప్పుడు మొహసిన్ అంకుల్ దొరికారు. డిసెంబర్ 7న మీటింగు.

జాయ్స్


నిడదవోలు
30 నవంబర్ 2024

జాయ్స్ తల్లీ,

నీ ఉత్తరం అందేలోపే ఇక్కడ కేకు కోసేశాం. ఏం చేయమంటావు, ప్రార్థన మీద నాకు అంత నమ్మకం. ఫ్లెక్సీ మీద "విజయోస్తు" తీయించి "ఘన విజయం" అని అంటించాను. ఇప్పుడు ఓడిపోయాడని నేనెలా చెప్పను? మా హెడ్మాస్టర్ గారు వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా పిలుద్దామంటున్నారు. "విదేశీ విద్యా మండలి సభ్యులు" అని కార్డు మీద వేస్తారట.

అయినా మీ వాళ్ళ సంగతి నాకర్థం కాదు. అడిగి గెలిచాడుగా? మరి ఓడిపోవడం ఏంటి?

కరుణత్త


దోహా
18 జనవరి 2025

అత్తా, వందనాలు. ఇక్కడ చలి మొదలైంది, నాన్న ఇంట్లో స్వెటర్ వేసుకుని "గోదారి గట్టు మీద ఉన్నట్టుంది" అంటున్నారు. నమ్మకు, పద్దెనిమిది డిగ్రీలే.

డిసెంబర్ 7న మొహసిన్ అంకుల్ రాలేదు. ఒమాన్‌లో సలాలా అనే ఊళ్ళో కొత్త షాపు ఓపెనింగట. జనవరి 11న కూడా రాలేదు. ఇక అక్కడే ఉండిపోతున్నానని రాజీనామా వాయిస్ మెసేజ్‌లో పంపారు, వెనక ఎవరో "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నారు. రెండుసార్లూ నలుగురు కూర్చుని, చాయ్ తాగి, కోరం లేదని రాసుకుని వెళ్ళిపోయారు. అంటే తెలుగుని ఇన్ని రోజులు కాపాడింది అత్తరు వ్యాపారం.

కాని ఇప్పుడు అసలైన చిక్కు వచ్చింది. గెలిచినవాళ్ళు తప్పుకోడానికి ఎవరి ఆమోదమూ అక్కర్లేదట, ఓట్లలో రెండోవాళ్ళకి సీటు ఇవ్వాలట. ప్రిన్సిపాల్ గారు నాన్నకి ఫోన్ చేసి "కంగ్రాచ్యులేషన్స్" అన్నారు. ఆఖరి మీటింగు ఫిబ్రవరి 1న. ఆ రోజు తీర్మానం కాకపోతే వచ్చే ఏడాది టైమ్‌టేబుల్లో తెలుగు ఉంచాల్సిందే, అదీ రూలే.

అర్థమైందా అత్తా? నాన్న వెళ్తే అయిదుగురు అవుతారు. కోరం నిండుతుంది. ఓటు పెడతారు. నలుగురు అటు, నాన్న ఒక్కరు ఇటు. తెలుగు పోతుంది, మిస్ వెళ్ళిపోతారు. నాన్న వెళ్ళకపోతే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే మాకు కావాలి.

మిస్‌కి ఇదంతా తెలుసు. మొన్న ఎవరికో ఫోన్‌లో "అట్టపెట్టెలు ఇప్పుడే కొనను" అంటున్నారు.

నువ్వు మాత్రం ఇంక కేకు కోయకు.

జాయ్స్


నిడదవోలు
22 జనవరి 2025

జాయ్స్,

పిలిచి పీట వేస్తే వెళ్ళనంటాడా! నలుగురికి భయపడి ఇంట్లో కూర్చుంటాడా! నేను ఇక్కడ లైట్లు పెట్టించింది ఇందుకా? వెళ్ళి వాదించమను. కార్డులు కూడా అచ్చయిపోయాయి. ఊళ్ళో అందరూ "ఎప్పుడు ప్రమాణ స్వీకారం?" అని అడుగుతున్నారు. ఆ పదవి మా అన్నయ్యకి రావాలి, అంతే. నేను వాడికి స్వయంగా కోటు కుట్టాను, ఈసారి ఫ్లెక్సీలోది కాదు, నిజమైన కోటు. వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపుతున్నాను.

ఈ ఉత్తరం వాడికి చూపించు.

కరుణ


దోహా
2 ఫిబ్రవరి 2025

అత్తా, వందనాలు.

నీ ఉత్తరం నాన్నకి చూపించాను. రెండుసార్లు చదివారు. "దానికి నేను ఏదో అవ్వాలని ఎప్పట్నుంచో ఉంది" అన్నారు. కోటు వేసుకుని అద్దం ముందు కాసేపు నిలబడ్డారు. చేతులు కొంచెం పొడుగు, మిగతాదంతా సరిపోయింది. నువ్వు పక్కన ఉండి ఉంటే నాన్న వెళ్ళేవారేమోనని నాకు భయం వేసింది. నిజంగా.

"వెళ్ళి వాదించకూడదా నాన్నా?" అని నేనే అడిగాను, నీ తరఫున.

"వాదించొచ్చు. ఓట్లు లెక్కపెట్టేది వాదన విన్నాక కాదమ్మా, ముందే పెట్టేసుకుంటారు."

తర్వాత కోటు విప్పి హ్యాంగర్‌కి తగిలించి, నన్ను కూర్చోబెట్టి, చెప్తుంటే రాసుకోమన్నారు. తెలుగులో. స్కూల్లో నేర్పే ఏ భాషలోనైనా తల్లిదండ్రులు కమిటీకి రాయొచ్చని ముప్ఫై మూడో పేజీలో ఉందట. ఈ పేజీ నేను చదివి వినిపించినప్పుడు ఆవలిస్తూ చదివాను. నాన్న ఆవలించకుండా విన్నారు.

ఉత్తరం ఇదీ:

"కమిటీ పెద్దలకు నమస్కారం. నాకు ఇచ్చిన సీటుకు కృతజ్ఞతలు. నేను రాను. నేను వస్తే మీ లెక్క అయిదు అవుతుంది, మా పిల్లల లెక్క సున్నా అవుతుంది. నాకు అధికారం మీద ఆశ లేదని చెప్పను. మా చెల్లెలు ఊళ్ళో నాకోసం లైట్లు పెట్టించింది, ఆమె ముందు తల ఎత్తుకోవాలని నాకూ ఉంది. అయినా రాను. మీరు నలుగురే ఉన్నంతకాలం మా అమ్మాయి ఈ ఉత్తరం రాసిన భాషలో చదువుకుంటుంది. కృపారావు."

"చెల్లెలు" అన్న మాట దగ్గర నా పెన్ను ఆగింది. "రాయి" అన్నారు.

నిన్న మీటింగు. కవరు తెరిస్తే ఆఫీసులో ఎవరికీ ఒక్క అక్షరం అర్థం కాలేదు. శనివారం మాకు స్పెషల్ క్లాసు జరుగుతోంది. రమీజా మేడమ్ తలుపు దగ్గరికొచ్చి, "సునంద మిస్, కమిటీ పిలుస్తోంది, ఒక కాగితం చదవాలట" అన్నారు. మిస్ మొహం తెల్లబోయింది. పుస్తకం తెరిచి ఉంచి వెళ్ళారు.

లోపల జరిగింది రమీజా మేడమ్ చెప్పారు. "సారాంశం చెప్పండి చాలు" అన్నారట ప్రిన్సిపాల్ గారు. మిస్ ఆ మాట వినపడనట్టే, మొత్తం తెలుగులో చదివారట, నిలబడి, నింపాదిగా. నలుగురూ ఏమీ తెలియకుండానే బుద్ధిగా కూర్చుని విన్నారట. ఆ తర్వాతే ఇంగ్లీషులో చెప్పారట. చైర్మన్ గారు గడియారం చూసి, "కోరం లేదు" అని రాయించి, లేచారట.

తీర్మానం లేదు. తొమ్మిదో తరగతిలో తెలుగు ఉంటుంది. ఒక్క ఏడాదికే అత్తా, పైయేడు మళ్ళీ ఎవరో అయిదో మనిషిని వెతుక్కుంటారు. ఊళ్ళో నువ్వేం చెప్తావో నాకు తెలీదు. నిజం చెప్తే కేకు తిన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, ఈ ఉత్తరం వాళ్ళకి చదివి వినిపించు.

మిస్ క్లాసులోకి తిరిగొచ్చారు. నా వైపు చూడలేదు. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుని, పుస్తకం చేతిలోకి తీసుకున్నారు.

"ఎక్కడ ఆపాం?" అన్నారు.

పదకొండు మందిమీ ఒకేసారి చెప్పాం.

నీ
జాయ్స్